కొత్తగా చేరినవాళ్ళు రెస్ట్ డే మానేయకండి ప్లీజ్

అందరికీ గుడ్ మార్నింగ్ అండి. ఈ నెల మన ఫిట్‌నెస్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళ హుషారు చూస్తుంటే చాలా ఆనందంగా ఉంది కానీ పొద్దున్న వైజాగ్ బీచ్ రోడ్‌లో రన్నింగ్, సాయంత్రం జిమ్ము, ఆదివారం మళ్ళీ కైలాసగిరి కొండ మెట్లు, ఇలా గ్యాప్ లేకుండా చేసేస్తుంటే నాకు భయమేస్తోంది. కండ గట్టిపడేది వర్కవుట్ చేసేటప్పుడు కాదండి, తర్వాత తిని నిద్రపోయినప్పుడు.

మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ తొడలు పట్టేసేది ఎక్కువగా దిగడం వల్లే, ఎందుకంటే దిగేటప్పుడు కండరం సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి, పైగా ఆ నొప్పి వెంటనే తెలీదు, 24 నుంచి 72 గంటల్లో బాగా బయటపడుతుంది, కాబట్టి అదే రోజు సాయంత్రం బానే ఉంది కదా అని మళ్ళీ పరుగు మొదలెట్టకండి. వెయిట్స్ చేసేవాళ్ళు ఒకే కండరానికి కనీసం 48 గంటలు గ్యాప్ ఇవ్వండి. కండరాలు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, ఎముకలకీ టెండన్లకీ (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళ లాంటివి) నెలలు పడుతుంది. మోకాలి కింద ముందు ఎముక పొడుగునా నొక్కితే నొప్పిగా ఉంటే రన్నింగ్ ఆపేయండి.

నొప్పులు విపరీతంగా ఉండి యూరిన్ ముదురు కాఫీ రంగులో వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా హాస్పిటల్‌కి వెళ్ళిపోండి, అది కిడ్నీలకి ప్రమాదం.

రెస్ట్ అంటే మంచం మీదే ఉండమని కాదు. బుధ, ఆదివారాలు బీచ్ రోడ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నుంచి నెమ్మదిగా నడుద్దాం, పిల్లల్ని కూడా తీసుకురండి, వాటర్ బాటిల్ మర్చిపోవద్దు, మన ఉక్కపోత తెలుసు కదా.