అల్లిక కార్బన్ ఫైబర్ నమూనాల టెన్సైల్ టెస్టుపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
మెకానికల్ టెస్టింగ్ విభాగం

విషయం: రిపోర్టు రద్దు చేసి, మళ్లీ పరీక్షించడం గురించి.

అయ్యా,

మోకాలి కింద కాలు కోల్పోయినవారికి మేం సాకెట్లు, అంటే కృత్రిమ కాలులో మిగిలిన కాలు ఇమిడే తొడుగులు, తయారుచేస్తాం. అల్లిన కార్బన్ స్లీవును అచ్చుకు తొడిగి రెజిన్ పట్టిస్తాం. అదే అల్లికతో చేసిన పలకలను టెన్సైల్ టెస్టుకు, అంటే లాగి బలం చూసే పరీక్షకు, మీకు పంపాం. మీరిచ్చిన అంకెలను నమ్మి నేను ఒక్క సాకెట్ కూడా డిజైన్ చేయలేను.

ఇది ట్రయాక్సియల్ అల్లిక: నిలువు పోగులు, వాటికి అటూ ఇటూ 60 డిగ్రీల వాలు పోగులు. యూనిట్ సెల్ (అల్లికలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న నమూనా) వెడల్పు 18 మి.మీ. అనీ, అల్లిక మెటీరియళ్ల పరీక్షకు మార్గదర్శకమైన ఏఎస్‌టీఎం డీ6856 ప్రకారం ముక్కలు కోయాలనీ ఆర్డరులోనే రాశాం. మీరు 15 మి.మీ. వెడల్పుతో కోశారు. ఏఎస్‌టీఎం వారి ఇంకో టెన్సైల్ పద్ధతి డీ3039 ఆ వెడల్పును సూచించేది పోగులన్నీ లాగే దిశలోనే ఉన్న లామినేట్లకు (పొరలు అతికించిన పలకలకు). మా అల్లికలో ఒక్క యూనిట్ సెల్ కూడా అందులో పూర్తిగా పట్టదు. అడ్డంగా లాగినప్పుడు బరువు మోయాల్సింది ముఖ్యంగా వాలు పోగులే. ఇంత సన్నటి ముక్కలో అవి అంచు దగ్గరే తెగిపోయి ఉంటాయి, ముక్కను రెండు చివర్లా పట్టుకునే గ్రిప్పుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి చేరవు. పగులు అంచు నుంచే మొదలవుతుంది. ఇలాంటి అల్లికల్లో ఈ అంచు ప్రభావాన్ని అమెరికాలోని నాసా గ్లెన్ కేంద్రం పరిశోధకులు ఎప్పుడో ప్రచురించారు. సాకెట్‌లో అయితే ఆ పోగులు ఇలా తెగకుండా చుట్టూ తిరిగి వస్తాయి.

సాగుదలను కొలిచే స్ట్రెయిన్ గేజి 3 మి.మీ.ది వాడారు. అది పోగు మీద పడితే ఒక మాడ్యులస్ (బిగువు అంకె), పక్కనున్న రెజిన్ మీద పడితే ఇంకొకటి వస్తుంది. ముక్కముక్కకీ అంకెలు మారితే, మీ ఇంజినీరు ఫోన్లో ‘మీ మెటీరియలే బాగాలేదు’ అన్నారు. ఆ మాట చాలా బాధపెట్టింది. అయిదింటిలో మూడు ముక్కలు గ్రిప్పు లోపలే విరిగినట్టు ఫోటోల్లో కనిపిస్తోంది, రిపోర్టులో మాత్రం ఎక్కడ, ఎలా విరిగిందో చెప్పే ఫెయిల్యూర్ కోడ్ లేదు.

రిపోర్టులో బలం ఉన్నదానికంటే తక్కువ చూపితే నష్టమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ అంకె ప్రకారం పోతే పొర మీద పొర వేయాలి. పెరిగిన బరువును పొద్దస్తమానం మోయాల్సింది కాలు లేని మనిషి.

ఒప్పుకున్న పద్ధతి మార్చేముందు కస్టమరుకు చెప్పాలని టెస్టింగ్ ల్యాబుల ప్రమాణం ఐఎస్‌ఓ 17025 అంటుంది. మాకెవరూ చెప్పలేదు. కాబట్టి ఈ రిపోర్టును రద్దు చేయండి. మీ దగ్గర మిగిలిన పలకల నుంచి కనీసం 36 మి.మీ. వెడల్పు ముక్కలు కోసి, యూనిట్ సెల్‌కు తగ్గని గేజితో గానీ డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్‌తో (కెమెరా ఫోటోలతో సాగుదల కొలిచే పద్ధతితో) గానీ, మీ ఖర్చుతోనే మళ్లీ పరీక్షించండి. విరిగిన ముక్కలనూ, లోడ్ డేటానూ మాకు పంపండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వకపోతే మొత్తం ఫీజు వాపసు కోరుతూ, మీకు గుర్తింపు ఇచ్చిన సంస్థకు ఈ లేఖ ప్రతిని పంపుతాను.

ఇట్లు,
సాకెట్ల వర్క్‌షాప్ నిర్వాహకుడు,
హైదరాబాద్