అర్ధరాత్రికి రద్దయ్యే డేటా

సంపాదక మహాశయులకు,

మా వీధిలో ఒకావిడ కుమారుడు కువైట్‌లో పనిచేస్తున్నాడు. అతనికి శుక్రవారం సెలవు కాబట్టి, వారమంతా పెద్దగా నెట్ వాడని ఆ ఇంట్లో ఆ ఒక్క సాయంత్రం రెండు మూడు గంటలు వీడియో కాల్ నడుస్తుంది. వేయించుకున్నది రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్. మనవరాలు తండ్రికి పద్యం అప్పజెబుతుండగానే ఆనాటి కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, తెర మీద కొడుకు ముఖం బిగుసుకుపోతుంది. అప్పుడావిడ చెప్పులేసుకుని కాలువగట్టు మీది సెల్ షాపుకు వెళ్లి డేటా వోచరు వేయించుకొస్తారు.

లెక్క ప్రకారం ఆవిడ కొన్నది 42 జీబీ. అందులో సగమైనా వాడరు. మిగిలినది ఏ రోజుకారోజు అర్ధరాత్రి రద్దవుతుంది కనుక, డబ్బు చెల్లించిన సరుకునే మళ్లీ కొనవలసి వస్తోంది.

దాళ్వా (రబీ) పంటకు గోదావరిలో నీరు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదలడం మా డెల్టా రైతులకు కొత్త కాదు. కొరత కళ్లెదుట ఉంటుంది కాబట్టి సర్దుకుపోతారు. డేటా విషయంలో టవరు మీద ఒత్తిడి తగ్గించడానికే రోజువారీ పరిమితి అంటే నాకు నమ్మకం కుదరదు. తెల్లవారుజామున టవరు ఖాళీగా ఉన్నప్పుడు వాడినా, రాత్రి ఎనిమిదింటికి రద్దీలో వాడినా చాలా ప్లాన్లలో కోటాలో ఒకే తీరున తగ్గిస్తున్నారు కదా! పైగా పోస్ట్‌పెయిడ్‌లో మిగులును పై నెలకు జమచేసే ప్లాన్లు ఉన్నాయి. అంటే వీలు లేక కాదు.

నెల మొత్తానికి కలిపి డేటా ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్లు అసలు లేవని నేననడం లేదు. కానీ షాపు గోడకు అతికించిన కాగితంలో రోజువారీ ప్లాన్లే పెద్ద అక్షరాలతో కనబడతాయి. అడగడం తెలిసినవారికే మిగతావి దొరుకుతాయి. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే విడిగా వోచర్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక వచ్చినవి కూడా ఎక్కువగా 84 రోజులకో, ఏడాదికో వర్తించేవి. కొబ్బరి వలుపు కూలితో బతికే మనిషి అంత సొమ్ము ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తాడు? ఇక నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉన్నా, ఒకే కంపెనీ సిగ్నలు సరిగా అందే ఊళ్లో అది కాగితం మీది హక్కే.

ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్ ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది. అదే పద్ధతిలో, రోజువారీ కోటాలో మిగిలిన డేటాను గడువు ముగిసేవరకు వాడుకోనిచ్చే ప్లాన్ కనీసం ఒక్కటి, చిన్న రీఛార్జీలలోనే ఉంచాలని కంపెనీలను ఆదేశించవలసిందిగా ట్రాయ్‌ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు మండలం, కోనసీమ