బావా, కార్డ్ ఒక్కటే కొను

కావలి

బావా,

మీ కెనడా విన్నిపెగ్ చలికి నీ ట్రక్కులో బ్లాక్ హీటర్ (స్టార్ట్ చేసే ముందు ఇంజిన్‌ని కరెంటుతో వెచ్చబెట్టేది) లేదు, కొత్తది వెయ్యాలి అని ఆ షాపువాళ్ళు చెప్పారని తొందరపడి అడ్వాన్సు కట్టేయలేదు కదా? నీ వాయిస్ మెసేజ్ విన్నప్పటి నుంచి నాకదే టెన్షన్. ఫోన్లో చెబుదామంటే నీకు డ్యూటీ, నాకు రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్ల మోత. అందుకని తీరిగ్గా రాస్తున్నా. బండి దగ్గర పెట్టుకుని చదువుకో.

గ్రిల్ దగ్గర ప్లగ్గు వేలాడటం లేదంటే హీటర్ లేదని కాదు బావా. కమిన్స్ డీజిల్ ఇంజిన్ ఉన్న రామ్ ట్రక్కుల్లో చాలావాటికి హీటర్‌ని కంపెనీలోనే ఇంజిన్ బ్లాకులో బిగించేసి పంపుతారు. కార్డ్, అంటే హీటర్‌కి కరెంటు అందించే ప్లగ్గు వైరు మాత్రం విడిగా కొనుక్కోవాలి. పైగా నీది టెక్సాస్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ బండి. అక్కడ మన నెల్లూరు లాంటి ఎండలు, కార్డ్ ఎవడు కొంటాడు? కాబట్టి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) దించాలి, కొత్త హీటర్ బిగించాలి అని వాళ్ళన్నది ఇప్పుడే నమ్మకు. ముందు కళ్ళతో చూడు.

బానెట్ ఎత్తి, టార్చి వేసి ఇంజిన్‌కి కుడి పక్క వెతుకు. మనకైతే అది డ్రైవర్ వైపు, మీ దగ్గర పక్క సీటు వైపు. బ్లాకులోంచి బయటికి వచ్చిన చిన్న గుండ్రటి మూతి ఉంటుంది, లోపల పిన్నులు మెరుస్తుంటాయి. ప్లాస్టిక్ మూత తొడిగి ఉంటే బురద పట్టి బ్లాకు రంగులో కలిసిపోతుంది, వేలితో తడిమి చూడు. కనపడిందా, సగం డబ్బు మిగిలినట్టే. కార్డ్ బిగించడానికి కూలెంట్ చుక్క కూడా దించక్కర్లేదు.

కార్డ్ కొనకముందే హీటర్ బతికుందో లేదో మల్టీమీటర్‌తో చూసుకో. మీ దగ్గర కరెంటు 120 వోల్టులు. 120ని 120తో గుణిస్తే 14,400. దాన్ని హీటర్ వాట్లతో భాగిస్తే ఎన్ని ఓములు రావాలో తెలుస్తుంది. కమిన్స్‌కి వచ్చేది మామూలుగా 750 వాట్లది, అంటే 19 ఓముల చుట్టుపక్కల చూపించాలి. మీటరు అసలు కదలకపోతే లోపల కాయిల్ తెగిపోయినట్టు, అప్పుడు షాపువాళ్ళ మాటే నిజం. కరెంటు వచ్చే పిన్నుకీ ఇంజిన్ లోహానికీ మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు. చూపించిందంటే కరెంటు బాడీలోకి దిగుతుందన్నమాట, దాని జోలికి పోవద్దు. మంచులో తడిసిన బూట్లతో నిలబడి బండి డోరు పట్టుకునేది నువ్వే. మా గుంటల దగ్గర ఎర్త్ సరిగా లేని ఏరేటర్ వైరుకి మనుషులు పోయిన సంగతులు నీకు కొత్త కాదు. అందుకే కార్డ్ బిగించాక ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకీ బ్లాకుకీ కంటిన్యుటీ (తెగని కరెంటు దారి) ఉందో లేదో తప్పకుండా చూడు.

బిగించే రోజు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. మూతిలో పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే సన్న బ్రష్‌తో గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వు. డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని గ్రీజు) కొంచెం పూసి కార్డ్‌ని లోపలికంటా తొయ్యి. సగమే దిగి ఆగిపోతే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఇలాంటి కార్డులు ఎక్కువగా మాడేది ఆ మూతి దగ్గరే, వైరులో కాదు. బిగించే రింగు ఉంటే చేత్తోనే తిప్పు, పటకారు వెయ్యకు.

ఇక వైరు లాగడం. నా మాట వింటే ఈ పనికే ఎక్కువ టైం ఇవ్వు. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కీ టర్బోకీ దూరంగా, ఫ్యానుకీ బెల్టుకీ స్టీరింగ్ రాడ్డుకీ అందకుండా తీసుకురా. డీజిల్ ఇంజిన్ స్టార్టయినప్పుడు ఎంత ఊగుతుందో చూశావుగా, ఇంజిన్ నుంచి బాడీ మీదికి వచ్చేచోట కొంచెం వదులు ఉంచు. ఉన్న వైరింగ్ గొట్టాల వెంబడే కేబుల్ టైలతో కట్టుకుంటూ రా. బ్రేకు పైపుకి, ఏసీ పైపుకి మాత్రం కట్టకు. ప్లగ్గు గ్రిల్‌లోంచి డ్రైవర్ వైపు బయటికి వస్తే మంచిది, ఎక్కేటప్పుడు కంటబడుతుంది. మూత తప్పకుండా పెట్టు, లేకపోతే రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ పిన్నుల్ని ఒక్క సీజన్‌లో తినేస్తుంది.

ఎక్స్‌టెన్షన్ వైరు దగ్గర పిసినారితనం వద్దు. మన 230 వోల్టులతో పోలిస్తే అదే వాట్లకి అక్కడ కరెంటు దాదాపు రెట్టింపు లాగుతుంది. సన్న వైరు అయితే వేడెక్కుతుంది. 14 గేజి, మూడు తీగలది, ఆరుబయట చలికి పనికొచ్చేది చూసి కొను. అక్కడ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు, 16 ఇస్తే తీసుకోకు. మామూలు వైరు −30లో కట్టెలా బిగుసుకుని పైపొర పగిలిపోతుంది.

అన్నీ అయ్యాక ప్లగ్గు పెట్టి, చెవి ఆనించి విను. సన్నసెగ మీద సట్టిలో చేపల పులుసు ఉడుకుతున్నట్టు చిన్న సలసల వినిపిస్తుంది. అది వస్తే పని అయినట్టే. ఒకవేళ ఎప్పుడైనా కూలెంట్ దించాల్సి వస్తే, తిరిగి నింపేదాకా ప్లగ్గు పెట్టకు. ఒట్టి గాలిలో హీటర్ నిమిషాల్లో మాడిపోతుంది.

రాత్రంతా పెట్టి ఉంచక్కర్లేదు. స్టార్ట్ చేసే ముందు రెండు గంటలు చాలు, టైమరు పెట్టుకుంటే నిద్ర పాడవదు. ఇక −18 కంటే దిగిన రోజు పెట్టడం మంచిది, −28 దాటితే తప్పదు. ఆ చలికి ఆయిల్ జీళ్ళపాకంలా చిక్కబడుతుంది, బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదాయె, నొక్కుకుపోయిన గాలి వేడికే అంటుకోవాలి, ఆ వేడేమో చల్లటి బ్లాకు లాగేసుకుంటుంది. ఇక సెల్ఫ్ కొట్టీ కొట్టీ ఏం లాభం? హీటర్ మాత్రం డీజిల్ ట్యాంకు జోలికి పోదు. చలికి డీజిల్‌లో మైనం గడ్డకడితే ఇది కాపాడదు, శీతాకాలం డీజిల్ పోయించుకో.

ఈ ఏర్పాటు మీ పక్కూళ్ళోనే మొదలైంది తెలుసా? విన్నిపెగ్ నుంచి దక్షిణానికి సరిహద్దు దాటితే అమెరికాలో గ్రాండ్ ఫోర్క్స్ వస్తుంది. ఆ ఊరి ఆండ్రూ ఫ్రీమన్ ఇంజిన్ హెడ్ బోల్టు స్థానంలో పెట్టే హీటర్‌కి 1949లో పేటెంట్ తీసుకున్నాడు. చలిలో బతికేవాడికే చలికి మందు తడుతుంది.

ఇంట్లో అందరూ బాగున్నారు. అత్త మోకాలి నొప్పి తగ్గింది, మొన్న రంగనాయకుల గుడికి కూడా పోయొచ్చింది. ఈడ వాన పట్టుకుని వదలడం లేదు, గుంటల్లో ఉప్పు శాతం పడిపోతుందని నా గోల నాది. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ప్లగ్గు పీకకుండా బండి తియ్యడం మీ ఊళ్ళో మామూలే కాబట్టి, కరెంటు పెట్టిన రోజు తాళాలు ఆమె చేతిలో ఉంచు.

ముందు ఆ మూతి ఫోటో, మీటరు రీడింగు నాకు పంపు. అవి చూశాకే షాపువాళ్ళకి ఏదైనా చెప్పు.

ఇట్లు
నీ బావ