తమ్ముడి కీలు వాడిదే

రాయగడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్ సరిగ్గా వినపడలేదు. "పాతికేళ్లకే తుంటి కీలు మార్చేశారా!" అని గాభరా పడ్డావు. మార్చలేదురా. అది చెప్దామనే కూర్చున్నాను.

తమ్ముడికి సికిల్ సెల్ ఉందని నీకు తెలుసుగా. నెత్తుటి కణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో అడ్డం పడతాయి. తొడ ఎముక పైన బంతిలా ఉంటుంది చూడు, దానికి నెత్తురు వెళ్లే దారులే కొద్ది. అవి మూసుకుపోతే ఎముక లోలోపలే చచ్చిపోతుంది. వీడేమో మోకాలి నొప్పి అన్నాడు. ఇక్కడ ఒకాయన మోకాలికే ఎక్స్‌రే తీసి, బాగానే ఉందని నాలుగు నెలలు నొప్పి బిళ్లలు మింగించాడు. తుంటిలో జబ్బు మోకాల్లో నొప్పిగా తెలుస్తుందట! అమ్మే పట్టుకుంది. బాసింపట్టు వేసుకోలేక, కుడికాలు చాపుకుని, కంచం ఎడమపక్కకి లాక్కుని తింటున్నాడు. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

విశాఖలో తుంటి ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉంది. మొదట్లో అందులో కనపడదట, ఎమ్మారైలో బయటపడింది. బంతి ఇంకా కుంగలేదు, అదే మా అదృష్టం. కోర్ డీకంప్రెషన్ చేశారు. తొడ పక్కన చిన్న కోత పెట్టి, ఎముక మెడలోంచి చచ్చిన చోటిదాకా బెజ్జం వేస్తారు. లోపలి ఒత్తిడి తగ్గి, కొత్త నాళాలు రావడానికి దారి దొరుకుతుంది. తుంటి పైఎముకలోంచి మూలుగ తీసి, చిక్కబరిచి అందులోకే ఎక్కించారు. సికిల్ వాళ్లకి చలి తగలకూడదు, ఒంట్లో నీరు తగ్గకూడదు. రాత్రంతా సెలైన్, రెండు దుప్పట్లు, పక్కన నేను. ఆరు వారాలు ఆ కాలు మోపకూడదు, ఊతకర్రలే.

కచ్చితంగా నిలుస్తుందని డాక్టర్ మాటివ్వలేదు. బంతి కుంగితే మార్పిడి తప్పకపోవచ్చు. కానీ ఈ వయసులో పెట్టిన కృత్రిమ కీలు అరిగితే మళ్లీ కోయాలి కదరా. సొంత కీలు ఎన్నేళ్లు నిలిస్తే అన్నేళ్లూ లాభమే.

మీ మేనకోడలికి తుంటిలో ఆ బంతి కూర్చునే గిన్నె లోతు తక్కువన్నావు. అది వేరే ఆపరేషన్. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో గాంజ్ అనే డాక్టర్ 1984లో మొదలుపెట్టాడు. గిన్నె చుట్టూ ఎముక కోసి, బంతిని బాగా కప్పేలా తిప్పి, స్క్రూలు బిగిస్తారు. కీలు అరగకముందైతేనే ఫలితం బాగుంటుంది. పెళ్లయ్యాక చూద్దాం అంటోందట మీ అక్క. వద్దని చెప్పరా, నీ మాటైతే వింటుంది.

వచ్చే బుధవారం చెకప్‌కి విశాఖ వెళ్తున్నాం. పిల్లని తీసుకుని గుణుపురం నుంచి మంగళవారమే వచ్చెయ్యండి. ఎక్స్‌రే ఫిలిములు మాత్రం మర్చిపోకు.

నీ
రాంబాబు