ఆ పదకొండు కంప్యూటర్లను తుక్కుకు వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పన్నెండు రోజుల క్రితం మీ జిల్లా పేజీలో మా వార్డు సర్కారు బడి కంప్యూటర్ గది గురించి వార్త వచ్చింది. పదకొండు కంప్యూటర్లూ పాతబడ్డాయని, అప్‌గ్రేడ్ చేయించినా ఆరు నెలలు తిరక్కుండానే కాలిపోయాయని, ఇక తుక్కు కింద వేలం వేస్తారని రాశారు. పాత డబ్బాల మీద పైసా పెట్టినా దండగేనని ఒక అధికారి అన్నట్టు కూడా ఉంది. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం మీద ఏదైనా రాసేస్తానేమోనని ఆగాను. ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం.

కర్నూలులో ఇరవై నాలుగేళ్లుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. 2009 అక్టోబరు వరదలో ఆ బడి సామాను అంతా నీళ్లపాలైతే, తర్వాత రెండేళ్లకు వచ్చిన మిషన్లివి. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్లు, 2 జీబీ ర్యామ్. కాలిపోయాక వాటిలో నాలుగింటిని నా దగ్గరికి పంపారు. విప్పి చూశాను కాబట్టి ఈ మాటలు చెప్పగలుగుతున్నాను.

అప్‌గ్రేడ్ అని చేసిన పని ఇదీ. 65 వాట్ల ప్రాసెసర్ పీకేసి సెకండ్ హ్యాండ్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 పెట్టారు. అందులో మొదట వచ్చిన రకం 105 వాట్లది. చాలదన్నట్టు గ్రాఫిక్స్ కార్డు ఒకటి బిగించారు. విడిగా పవర్ కేబుల్ లేని కార్డు స్లాటు నుంచి 75 వాట్ల దాకా లాక్కోవచ్చు, అందులో 66 వాట్లు 12 వోల్టుల లైనులోంచే. టైపింగు నేర్చుకునే ఏడో తరగతి పిల్లలకు గ్రాఫిక్స్ కార్డు దేనికి? ఇన్ని మార్చిన మనిషి, గోడ కరెంటును 12 వోల్టుల లాంటి చిన్న వోల్టేజీ లైన్లుగా మార్చి లోపలి భాగాలకు ఇచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దాని జోలికి మాత్రం పోలేదు. దాని మీద 450 వాట్లని పెద్దక్షరాల్లో ఉంది కదా, చాలుననుకున్నాడు. ఆ కింద చిన్న పట్టిక ఉంటుంది. 12 వోల్టులకు 14 ఆంపియర్లని అందులో స్పష్టంగా ఉంది. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్‌కు 105, కార్డుకు 66 కలిపితేనే 171. హార్డ్‌డిస్క్ మోటారు, ఫ్యాన్లు ఇంకా లెక్కలోకి రాలేదు. 450 అనేది అన్ని లైన్లూ కలిపి వేసుకున్న అంకె. పెన్నూ కాగితమూ తీసుకుని రెండు నిమిషాలు కూర్చుంటే తేలే లెక్క ఇది. ఎవరూ కూర్చోలేదు.

ఇక వేడి సంగతి. మొదటి మిషన్ విప్పితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుమ్ము దుప్పటిలా అట్టకట్టి ఉంది. రెక్కల మధ్య గాలి దూరే సందే లేదు. గోటితో లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. ప్రాసెసర్ వేడిని పైకి పంపడానికి రాసే పాత పేస్టు ఎండి సుద్దపొడిలా రాలుతోంది, దాని మీదే కొత్త ప్రాసెసర్ కూర్చోబెట్టారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఎండిపోయిన బల్లి ఉంది. పక్కన నాలుగు కెపాసిటర్లు తల ఉబ్బి, ఒకటి పగిలి గోధుమరంగు జిగురు కారింది. ఆ వేడిని లాక్కునే రెక్కల ముక్క, హీట్‌సింక్, మాత్రం 65 వాట్ల ప్రాసెసర్‌తో వచ్చిన ఆ చిన్న అల్యూమినియం ముక్కే.

ఆ గది రేకుల షెడ్డు. దుమ్ము పడుతుందని కిటికీలు మూసేస్తారు. మేలో మన ఊళ్లో ఎండ 43, 44 డిగ్రీలకు పోవడం కొత్తేమీ కాదు, రేకుల కింద ఇంకా ఎక్కువే ఉంటుంది. కంప్యూటర్ ఫ్యాన్ ఏసీ కాదు. గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప అంతకన్నా చల్లబరచలేదు. హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మనవాళ్లు దాన్ని చూసి పాతది కాబట్టి నత్తనడక నడుస్తోందంటారు. ఆ మిషన్‌కు పట్టింది వయసు కాదండీ, ఉక్క. కెపాసిటర్లకైతే ప్రతి పది డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. సాయంత్రం పూట లోవోల్టేజీ సరేసరి. వోల్టేజీ పడిపోతే ఎస్‌ఎంపీఎస్ అదే పనికి ఎక్కువ కరెంటు లాగి ఇంకా వేడెక్కుతుంది. కొందరు కంప్యూటర్ క్యాబినెట్ తలుపు తీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెడతారు. దాంతో దుమ్ము నేరుగా బోర్డు మీద పడుతుంది.

ఆ నాలుగింటిలో ఒకదాని బోర్డు బతికింది. దానికి పాత కోర్ 2 డ్యుయోనే మళ్లీ పెట్టాను. దుమ్ము దులిపి కొత్త పేస్టు రాశాను. ఎస్‌ఎంపీఎస్ మంచిది వేశాను. ర్యామ్ 4 జీబీ చేశాను, ఆ బోర్డు అంతకు మించి తీసుకోదు. హార్డ్‌డిస్క్ తీసి, అదే పని చిప్పులతో చేసే చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించాను. మోటారు లేదు కాబట్టి కరెంటు తక్కువ తింటుంది, వేడీ తక్కువే. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11కు ఈ బోర్డులు పనికిరావు. అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేశాను, తెలుగు టైపింగుతో సహా. ముందు ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నిమిషం లోపే. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే టైపింగు చేసేటప్పుడు 70 వాట్లు దాటలేదు. షాపులో ఏసీ లేకుండా ఈ ఏప్రిల్, మే మొత్తం నడిచింది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఇది చేయడానికి గొప్ప చదువేం అక్కర్లేదు. కానీ ఎస్టిమేటులో క్వాడ్ కోర్ అని, గ్రాఫిక్స్ కార్డు అని రాస్తే ఘనంగా కనిపిస్తుంది. దుమ్ము దులపడం, పేస్టు, ఎర్తింగ్ అని రాస్తే పై ఆఫీసులో కొట్టేస్తారు. ఎర్తింగ్ అంటే గుర్తొచ్చింది. ఆ గదిలో క్యాబినెట్ ముట్టుకుంటే చేయి జిమ్మంటోందని పిల్లలు రెండేళ్ల నుంచి మొత్తుకుంటున్నారట. చూస్తే మూడు పిన్నుల ప్లగ్గులకు ఎర్త్ వైరే లాగలేదు. పిల్లలు కూర్చునే చోట ఇలాంటి పని చేసి బిల్లు ఎలా పాస్ చేయించుకున్నారు? చూసి సంతకం పెట్టిన ఇంజినీరు ఎవరు? వాటర్ ట్యాంకు మోటారు కాలినా ఇంతే, వీధి దీపాలు పోయినా ఇంతే. ఎందుకు పోయిందో చూసే ఓపిక ఎవరికీ లేదు, కొత్తది కొనే తొందర మాత్రం అందరికీ ఉంది.

వేలం అన్నారు కాబట్టి ఇంకో మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో రిజిస్టరైన రీసైక్లర్లతో పాటు, పాత వస్తువులను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లకూ చోటుంది. పాత ఇనుప సామాన్ల బండికి కిలోల లెక్కన అప్పజెబితే వాళ్లు రాగి కోసం వైర్లను ఊరి బయట తగలబెడతారు. ఆ పొగ పీల్చేదీ మన పిల్లలే.

మిగతా ఏడింటిని నేను ఇంకా విప్పి చూడలేదు. అన్నీ బాగవుతాయని మాట ఇవ్వలేను, బోర్డు పోయినవి పోయినట్టే. నా అంచనాలో సగానికి తక్కువ కాకుండా లేస్తాయి. కూలి అక్కర్లేదు, సామాను ఖర్చు ఇస్తే చాలు. ఐటీఐ పిల్లలు ఇద్దరిని తోడిస్తే వాళ్లకూ పని వస్తుంది. బడి తెరిచేలోగా గదికి ఎర్తింగ్ వేయించి, కిటికీలకు జాలీలు కొట్టించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెట్టించాలి. వేలం అంతవరకు ఆపించమని మీ పత్రిక ద్వారా అధికారులను అడుగుతున్నాను.

నిన్న ఆ దారిన పోతూ తొంగి చూశాను. ఏడూ వరండాలో కుప్పగా పడేసి ఉన్నాయి, మీద పట్టా కూడా కప్పలేదు. మబ్బులు పడుతున్నాయి. ముందు వాటిని లోపల పెట్టించండి.

- ఒక కంప్యూటర్ మెకానిక్, కర్నూలు