సీరత్ జల్సాకు సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అస్సలాము అలైకుం. అందరికీ నమస్కారం.

2025 సెప్టెంబరు 4, గురువారం మా బడిలో సీరత్ జల్సా (ప్రవక్త జీవితం గురించి చెప్పుకునే సభ) బాగా జరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. 5న మిలాద్ (ప్రవక్త పుట్టినరోజు) సెలవు కాబట్టి ఒకరోజు ముందే పెట్టుకున్నాం. హిజ్రీ లెక్కన ప్రవక్త ముహమ్మద్ (స) పుట్టి 1500 ఏళ్లని ఊళ్లో ఆ ఏడాది పెద్ద ఎత్తున చేశారు. మేం మాత్రం లైటింగు, డీజేల జోలికి పోలేదు. పిల్లలకు ఆయన నడవడిక తెలియాలి, అంతే.

మా పిల్లల్లో చాలామంది నూర్‌బాషా కుటుంబాల వాళ్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ నాత్‌లు (ప్రవక్తను పొగిడే పాటలు) కమ్మగా పాడతారు, అర్థం అడిగితే తల వంచుకుంటారు. నిరుడు అది చూసి నాకు చాలా బాధేసింది. అందుకే బయాన్ (ప్రసంగం) తెలుగులో చెప్పమని ఇమామ్ సాబ్‌ను అడిగాం. "నాకు అలవాటు లేదు బేటా" అంటూనే ఒప్పుకున్నారు. వారం రోజులు ఇషా నమాజు తర్వాత మా తెలుగు మాస్టారి దగ్గర కూర్చుని రాసుకున్నారు. వీధిలో వినాయకుడి పనులు చూసుకుంటూనే మాస్టారు రోజూ వచ్చారు. 'అమానత్'ను తెలుగులో ఏమనాలని ఒక రాత్రంతా ఇద్దరికీ చర్చే. చివరికి "మనల్ని నమ్మి దాచమని ఇచ్చింది" అని ఖాయం చేశారు.

తీరా ఆ రోజు పొద్దున్నే, ముందు ఎవరు మాట్లాడాలని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు గొడవపడ్డారు. నాకు ఒకటే టెన్షన్. ఇమామ్ సాబ్ రాసుకొచ్చిన కాగితాలు పక్కనపెట్టి మక్కాలోని కాబా కథ ఎత్తుకున్నారు. కాబాను తిరిగి కట్టేటప్పుడు దాని గోడలో ఉండే పవిత్రమైన నల్లరాయిని ఎవరు పెట్టాలని ఖురైషు తెగలు కత్తులదాకా వెళ్లాయి. అప్పటికి ప్రవక్తకు (స) 35 ఏళ్లు, ఇంకా ప్రవక్త పదవి రాలేదు. అందరూ 'అల్ అమీన్', నమ్మదగినవాడు, అని పిలిచేవాళ్లు. ఆయన రాయిని ఒక వస్త్రంలో పెట్టి, అన్ని తెగల పెద్దలతో అంచులు పట్టించి ఎత్తించారు. తర్వాత తన చేత్తో దాని చోట అమర్చారు.

కథ చెప్పి ఊరుకోలేదు. వంటగదిలోంచి సన్నికల్లు తెప్పించి దుప్పటిలో పెట్టి, ఆ రెండు తరగతుల పిల్లల చేతే ఎత్తించారు. ఆ తర్వాత మైకు ముందు ఎవరు అందుకున్నారో నేను గమనించనే లేదు.

ఇమామ్ సాబ్‌కు, మాస్టారికి ఎంత చెప్పినా తక్కువే. కుర్చీలకు అద్దె వద్దన్న టెంట్ హౌస్ భాయ్‌కి, తెల్లవారుజామునే లేచి ఖీర్ వండిన అమ్మలకు, చందాలిచ్చిన పాత విద్యార్థులకు జజాకల్లాహు ఖైర్. మిగిలిన చందా డబ్బుతో తండ్రి లేని పిల్లలకు నోటు పుస్తకాలు కొన్నాం, బిల్లు ఆఫీసు గదిలో అతికించాం. ఆ దుప్పటి ఎవరింటిదో ఇంకా తెలియలేదు. ఉతికి భద్రంగా పెట్టాం, వచ్చి తీసుకెళ్లండి.