అమ్మకు, మ్యూనిక్ నుంచి

అమ్మా,

ఇక్కడ నేను క్షేమం. మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. వేళకి తింటున్నాను, టెన్షన్ పెట్టుకోకు. నీ కందిపొడి అడుక్కి వచ్చేసింది, కొంచెం కొంచెంగా వేసుకుంటున్నాను.

ఆదివారం ఫోన్‌లో నాన్నని కసిరాను. అప్పటి నుంచి మనసు బాగోలేదు. పాదానికి పెట్టుకోవాల్సిన ప్లాస్టిక్ స్ప్లింటు బీరువా పక్కన పడేసి పాదం ఈడ్చుకుంటూ నడుస్తున్నారని నువ్వు చెప్పగానే మొండితనం అనేశాను. తప్పు నాదేనని ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాదు, అందుకే రాస్తున్నాను.

మొన్న మా ల్యాబ్‌కి ఒకావిడ వచ్చింది. స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి బిగుసుకుపోయింది. ఆవిడ, థెరపిస్టు, మేము ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ చేతికి స్ప్లింటు ముందు అట్టముక్కతో చేసి చూశాం. తర్వాత చెయ్యి స్కాన్ చేసి, త్రీడీ ప్రింటర్‌లో తీసి, వారం వాడి చూడమని ఇచ్చాం. తిరిగొచ్చి ఏమందో తెలుసా? "బాగానే ఉంది, పట్టీ బిగించడానికే రెండు చేతులు కావాలి. మా ఆయన ఇంట్లో లేకపోతే వేసుకోను" అంది. మాకెవరికీ తట్టలేదమ్మా. పట్టీ పక్క మార్చి, వేలు దూర్చి లాగేలా రింగు పెట్టాం.

నాన్నకీ ఎడమ చేతిలో పట్టు లేదు కదా. తెల్లవారుజామున నిన్ను లేపడం ఇష్టంలేకే వేసుకోవట్లేదేమో. పైగా ఇంట్లో చెప్పులుండవు, స్ప్లింటు అడుగున ఉన్న ఆ నున్నటి ప్లాస్టిక్, గచ్చు మీద జారదూ? 1968లో జైపూర్ కాలు అనే కృత్రిమ పాదం చేసినవాళ్లు మనం ఉత్తికాళ్లతో నడుస్తామని, కింద కూర్చుంటామని చూసి చేశారు. నాన్నని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఎప్పుడు వేసుకుంటున్నారు, ఎప్పుడు, ఎందుకు తీసేస్తున్నారు, ఆయన చెబుతుంటే రాసి పంపు. చీలమండ దగ్గర ఒరుసుకుంటే చాకుతో చెక్కకండి. చేసినవాళ్లే ఆ చోట వేడిచేసి కొంచెం వెడల్పు చేస్తారు. తీశాక ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే వాళ్లకి చూపించేదాకా మళ్లీ వేయొద్దు. ఆ పాదానికి స్పర్శ తక్కువ, రోజూ నువ్వే చూడాలి.

కిస్తీ కట్టేశాను. గాలివాన అంటున్నారు, ట్యాంకు మూత కట్టించావా?

సంక్రాంతికి రాలేను. ఏప్రిల్‌లో వస్తాను. కొత్తది నాన్నా నేనూ కూర్చుని గీస్తాం, ఆయన చెప్పినట్టే. బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ దాకా నడవాలని ఉందన్నారుగా.

ఈ ఉత్తరం నాన్నకి చదివి వినిపించు. కసిరానన్న చోట రెండుసార్లు చదువు.

నీ చిన్నమ్మాయి